టీఎస్‌హెచ్ 4.8 ఉంటే ఐవీఎఫ్‌ వాయిదా వేయాలా?

ప్రశ్న: నా వయసు 32. ఐవీఎఫ్‌కి సిద్ధమయ్యాం. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 4.8 వచ్చిందని డాక్టరు మాత్రలు రాసి, 6 వారాలు ఆగమన్నారు. ఇంత ఆలస్యం అవసరమా?

జవాబు: అవసరమేనమ్మా. థైరాయిడ్ బాగా మందగిస్తే అండం విడుదల గాడి తప్పుతుంది, గర్భస్రావం ముప్పూ పెరుగుతుంది. మీది స్వల్ప లోపమే. అయినా ఐవీఎఫ్‌కి ముందు టీఎస్‌హెచ్‌ని సాధారణంగా 2.5 లోపునకు తెస్తారు. లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర) ప్రభావం పరీక్షలో పూర్తిగా తెలియడానికి 6 వారాలైనా పడుతుంది. పైగా అండాల కోసం చేసే ఇంజెక్షన్లతో ఈస్ట్రోజెన్ పెరిగి, థైరాక్సిన్ అవసరం ఇంకా ఎక్కువవుతుంది. మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకోండి. కాఫీ కనీసం అరగంట తర్వాతే (మనవాళ్లకు కష్టమే!). ఐరన్, క్యాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. గర్భం నిలిచిందని తెలియగానే మళ్లీ టీఎస్‌హెచ్ చేయించండి. మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు.