అపరాధ పరిశోధన - పౌరుని హద్దులు

పాఠ్యభాగ ఉద్దేశం

నేరం జరిగినచోట నిజం తెలుసుకోవాలనుకోవడం సహజం. ఆ నిజాన్ని వెదకే హక్కు ఎవరికి, ఎంతవరకు ఉన్నదో, ప్రైవేటు పరిశోధకులు ఏ హద్దులకు లోబడి పనిచేయాలో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

రాజును 'చారచక్షువు' అన్నారు పెద్దలు. చారులే కన్నులుగా గలవాడని దీని అర్థం. కాపటికుడు, గృహపతికుడు, వైదేహకుడు, తాపసుడు మొదలైన వేషాలలో సంచరించే గూఢచారులను కౌటిల్యుడు అర్థశాస్త్రంలో పేర్కొన్నాడు. వారందరూ రాజు కోసం పనిచేసినవారు. సామాన్యుడు రుసుము చెల్లించి తన పనికి పరిశోధకుని నియమించుకొనే పద్ధతి మాత్రం ఆధునికమైనది. ఒకప్పుడు నేరస్థుడై, తరువాత పోలీసుశాఖలో పనిచేసిన విదోక్ 1833లో పారిస్ నగరంలో అటువంటి సంస్థను స్థాపించాడు. తెలుగువారికి ఈ వృత్తి ముందుగా కథల ద్వారానే పరిచయమైంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ పాఠకుల మనస్సులలో నిలిచిపోయాడు. 1986లో వచ్చిన 'చంటబ్బాయి' చలనచిత్రం డిటెక్టివును ఇంటింటికీ నవ్వుల నడుమ పరిచయం చేసింది.

కథలను విడిచి మన ఊళ్ళవైపు చూద్దాం. రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాదుకు ఆగ్నేయ దిశలో ఉన్న నాదర్‌గుల్ శిక్షణ విమానాల మైదానంతో పేరుపొందిన ఊరు. నిజాం పాలనలో ఇటువంటి తెలంగాణ పల్లెలలో మాలీ పటేలు శిస్తు వసూలును, పట్వారీ లెక్కలను, పోలీసు పటేలు శాంతిభద్రతలను చూసేవారు. సేత్‌సింధీలు ఊరికి కావలి కాసేవారు. ఊరికి కొత్తవాడెవడు వచ్చినా ఆ సంగతి పొద్దుగూకేలోగా పటేలు చెవిన పడేది. ఎవరి పొలం గట్టు ఎక్కడున్నదో, ఎవరికి ఎవరితో పగ ఉన్నదో తెలిసినవారికి నేరం జాడ తీయడం కష్టం కాదు. అయితే ఆ ఎరుకే కొన్నిచోట్ల పేదవానిపై పెత్తనానికి ఆయుధమైంది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984లో ఈ గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసింది.

కాలం మారింది. నగరం పెరిగి శివారు పల్లెలను చేరింది. పొలాలు ఇళ్ళస్థలాలయ్యాయి. ఎక్కడెక్కడివారో వచ్చి ఇళ్ళు కట్టుకొన్నారు. పక్కింటివారి పేరైనా తెలియని చోట పాత ఎరుక పనిచేయదు. ఒకే స్థలాన్ని ఇద్దరికి అమ్మడం, దొంగ దస్తావేజులు పుట్టించడం, ఖాళీ స్థలాన్ని రాత్రికి రాత్రే ఆక్రమించడం నగర శివారులలో వినవచ్చే నేరాలు. సంబంధం కుదుర్చుకొనేముందు వరుని గుణగణాలు, ఉద్యోగమిచ్చేముందు అభ్యర్థి యోగ్యతాపత్రాలు ఆరా తీయవలసిన అవసరమూ పెరిగింది. ప్రైవేటు డిటెక్టివ్ సంస్థలకు పని కల్పించినది ఈ అపరిచితత్వమే.

ఇట్టి సంస్థలకు అధికారమెంత? కాపలాదారులను సరఫరా చేసే సంస్థల నియంత్రణకు 2005లో చట్టం వచ్చింది. డిటెక్టివ్ సంస్థల కోసం 2007లో రాజ్యసభలో బిల్లు ప్రవేశపెట్టినా అది చట్టం కాలేదు. కనుక డిటెక్టివుకు సాధారణ పౌరునికి మించిన అధికారం లేదు. అతడు ఎవరి ఇంటినీ సోదా చేయరాదు. ఎవరినీ విచారణకు పిలిపించరాదు. తన కళ్ళయెదుట బెయిలుకు వీలులేని తీవ్రనేరం జరిగినప్పుడు నిందితుని పట్టుకోవచ్చును. కాని ఆ హక్కు మనలో ప్రతి ఒక్కరికీ ఉన్నదే. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం అలా పట్టుకొన్నవానిని ఆరుగంటలలోగా పోలీసులకు అప్పగించాలి.

ఈ హద్దును మరచినవారికి చిక్కులు తప్పవు. ఇతరుల ఫోను కాల్ వివరాలను చట్టవిరుద్ధంగా సంపాదించి అమ్మారన్న ఆరోపణపై 2018లో మహారాష్ట్రలోని ఠాణే పోలీసులు కొందరు ప్రైవేటు డిటెక్టివులను అరెస్టు చేశారు. అంతకు ముందు సంవత్సరమే, 2017 ఆగస్టు 24న, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది.

అయితే మోసపోయేవాడు చేతులు ముడుచుకొని కూర్చోవలసినదేనా? కాదు. ఒక చిరుద్యోగి జీవితకాలపు పొదుపుతో రెండువందల గజాల స్థలం కొనదలచాడనుకొందాం. అతడు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ఆ స్థలానికి ఈసీ తీసుకోవచ్చును. పాత దస్తావేజుల నకళ్ళు పొంది, అమ్మేవానికి ఆ భూమి ఎవరి నుండి సంక్రమించినదో వరుసగా చూడవచ్చును. స్థలానికి స్వయంగా వెళ్ళి, హద్దులు కొలిపించి, ఇరుగుపొరుగువారిని అడగవచ్చును. ఇదంతా పరిశోధనే. దీనికి మారువేషం అక్కరలేదు.

ఇందులో గమనింపదగిన విశేషమొకటి ఉన్నది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే మొదటి పుస్తకాన్ని రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చును. వీలునామాలు నమోదయ్యే మూడవ పుస్తకం అట్టిది కాదు. వీలునామా రాసిన వ్యక్తి జీవించి ఉండగా దాని నకలు అతనికి గాని, అతని ప్రతినిధికి గాని తప్ప ఇతరులకు ఇవ్వరు. ఒకే కార్యాలయంలో, ఒకే బీరువాలో ఒక పుస్తకం అందరికీ తెరచి ఉంటుంది, మరొకటి మూసి ఉంటుంది. భూమి ఎవరిదన్నది లోకానికి తెలియకపోతే అమాయకుడు మోసపోతాడు. ఒక తండ్రి తన ఆస్తిని ఎవరికి ఇవ్వదలచాడన్నది లోకానికి తెలిస్తే అతని ఇంటి శాంతి చెడుతుంది. పరిశోధనకు ఉన్న అవసరం, దానికి ఉండవలసిన హద్దు ఈ రెండు పుస్తకాలలో కనిపిస్తాయి.

నేరం జరిగిందని తెలిసినప్పుడు మొదట చేయవలసినది పోలీసులకు ఫిర్యాదు చేయడం. నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ పోలీసుస్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చును. ప్రథమ సమాచార నివేదిక ప్రతిని ఉచితంగా పొందవచ్చును. సేకరించిన ఆధారాలను పోలీసులకు అందించడం పౌరధర్మం. వాటితో తానే తీర్పు చెప్పబూనడం న్యాయం కాదు. నిజాన్ని వెదకేవాడు అన్యాయమైన దారి తొక్కితే అతడు వెదకిన నిజానికే మచ్చ వస్తుంది.

కఠిన పదాలు - అర్థాలు

చారుడు = వేగులవాడు
వైదేహకుడు = వర్తకుడు
ఎరుక = తెలివిడి, జ్ఞానం
దస్తావేజు = ఆస్తి హక్కును తెలిపే పత్రం
సంక్రమించు = వారసత్వంగా గాని, కొనుగోలుచే గాని లభించు
గోప్యత = రహస్యంగా ఉంచదగిన స్థితి

అభ్యాసం

I. వ్యాసరూప ప్రశ్న
1. ప్రైవేటు పరిశోధకుల అవసరాన్ని, వారి హద్దులను పాఠం ఆధారంగా వివరించండి.

II. సంగ్రహరూప ప్రశ్నలు
1. తెలంగాణ పల్లెలలోని పాత గ్రామాధికారుల వ్యవస్థను తెలపండి.
2. రిజిస్ట్రేషన్ కార్యాలయంలోని రెండు పుస్తకాల భేదం ఏమి తెలియజేస్తున్నది?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. విదోక్ తన సంస్థను ఎప్పుడు, ఎక్కడ స్థాపించాడు?
2. యుగంధర్ పాత్రను సృష్టించినవారెవరు?

IV. వ్యాకరణం
గ్రామాధికారి = గ్రామ + అధికారి - సవర్ణదీర్ఘ సంధి
చారచక్షువు = చారులే చక్షువులుగా గలవాడు - బహువ్రీహి సమాసం
శాంతిభద్రతలు = శాంతియు, భద్రతయు - ద్వంద్వ సమాసం