ముందుచూపు

కోలారు బంగారు గనుల పేరు వినని వారుండరు. 1880లో జాన్ టేలర్ సంస్థ ఇక్కడ తవ్వకాలు చేపట్టింది. కాలక్రమాన గని లోతు మూడు కిలోమీటర్లు దాటింది. 2001లో గనులు మూతబడ్డాయి. గనిలో దిగినవాడు ఒంటరిగా పని చేయడు. తల పైనున్న రాతిని తట్టి, ఆ చప్పుడును బట్టి పగులును పసిగట్టడం గనిపనిలో మొదటి జాగ్రత్త. రాయి పడిన తరువాత ఎంత ఏడ్చినా లాభం లేదు. పడకముందే గుర్తిస్తే పదిమంది ప్రాణాలు నిలుస్తాయి. జబ్బుల విషయంలోనూ ఈ ముందుచూపే మనకు కావాలి.

రాతిని తొలిచేటప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే వ్యాధిని కలిగిస్తుంది. ఈ ధూళి క్యాన్సరుకు కూడా కారణమని 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ప్రకటించింది. గనులు మూతబడ్డాయి కదా, ఇక భయమెందుకని మీరు అనుకోవచ్చు. కాని గని దిగనివారికీ మరొక ముప్పు ఉన్నది. అది మన ఇంట్లోనే, వక్కాకు సంచిలోనే ఉన్నది.

కోలారు జిల్లాలో నోటి క్యాన్సరు ఎక్కువ. పురుషులకే కాదు, స్త్రీలకు కూడా ఇది వస్తున్నది. పొలం పనికి పోయే అవ్వలు ఆకలి తెలియకుండా ఉండటానికి, పంటి నొప్పి మరచిపోవటానికి పొగాకు నమలటం అలవాటు చేసుకొంటారు. కొందరు కడ్డిపుడిని సున్నంతో కలిపి బుగ్గ సందులో పెట్టుకొని, అలాగే నిద్రపోతారు. రాత్రంతా ఆ రసం ఒకేచోట ఊరుతూ ఉంటుంది. సున్నం లోపలి పొరను ఒరిపిస్తుంది. పొగాకులోని విషపదార్థాలు ఆ పొరలోనికి ఇంకుతాయి. పొగాకు లేకపోయినా ఒట్టి వక్క కూడా హాని చేస్తుంది. వక్క నమిలేవారికి క్రమంగా బుగ్గలు బిగుసుకొని నోరు తెరవటమే కష్టమవుతుంది.

క్యాన్సరు ఒక్కరోజులో పుట్టదు. చాలామందిలో అది ముందుగా జాడ చూపిస్తుంది. నోటిలో తెల్లని మచ్చ గాని, ఎర్రని మచ్చ గాని కనిపించటం, కారం తగిలితే మండటం, రెండు మూడు వారాలైనా పుండు మానకపోవటం, నోరు పూర్తిగా తెరుచుకోకపోవటం దాని గుర్తులు. ఇవన్నీ క్యాన్సరే కానక్కరలేదు. కాని వైద్యుని చూడవలసిన సమయం వచ్చిందని మాత్రం తెలుసుకోవాలి. తొలిదశలో నొప్పి ఉండకపోవచ్చు. "నొప్పి లేదు కదా" అని ఊరుకోవటమే చాలామంది చేసే పొరపాటు.

ముందుగా చూడటం వల్ల నిజంగా మేలు కలుగుతుందా? ఈ ప్రశ్నకు కేరళలో జవాబు దొరికింది. 1996లో తిరువనంతపురం జిల్లాలో సుమారు లక్షా తొంభై వేలమందితో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. వీరిలో దాదాపు సగం మందికి, శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి నోటిని పరీక్షించారు. వారు వైద్యులు కారు. 2005లో ఫలితాలు వెలువడ్డాయి. పొగాకు, మద్యం అలవాటు ఉన్నవారిలో నోటి క్యాన్సరు మరణాలు సుమారు మూడవ వంతు తగ్గినట్లు తేలింది. వెలుతురులో నోరు తెరిపించి చూచినందుకు దక్కిన ఫలితమిది!

ఇటువంటి పని ఏ ఒక్కరి వల్లా కాదు. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి, మహిళా భారతీయ సంఘం అండతో మద్రాసు అడయారులో 12 పడకల క్యాన్సర్ ఆసుపత్రిని ప్రారంభించారు. ఒక స్త్రీల సంఘం నాటిన మొక్క అది. 1973లో బెంగుళూరులో కిద్వాయి స్మారక క్యాన్సర్ సంస్థ ఏర్పడింది. బెంగుళూరులో ఎందరికి ఏ క్యాన్సరు వస్తున్నదో 1982 నుండి ఈ సంస్థ లెక్క రాస్తున్నది. ముప్పు ఎక్కడున్నదో లెక్క తెలిస్తేనే నివారణ సాధ్యం. భారతీయ క్యాన్సర్ సొసైటీ కర్ణాటక శాఖ, ఇందిరానగర్ రోటరీ క్లబ్బు చేయి కలిపి 1994లో బెంగుళూరు హాస్పిస్ ట్రస్టును నెలకొల్పాయి. 1999లో ఆ ట్రస్టు కరుణాశ్రయను తెరిచింది. నయం కాని దశకు చేరిన రోగులకు అక్కడ పైకం పుచ్చుకోకుండా సేవ చేస్తారు. డబ్బు సేకరించేవారు, వైద్యం చేసేవారు, పక్కన కూర్చుని ఓదార్చేవారు కలిసినందువల్లనే అది నిలిచింది.

చికిత్సతో కథ ముగియదు. తెల్లవారుజామున మారికుప్పం రైలెక్కి బెంగుళూరు ఆసుపత్రికి పోయి వచ్చే కూలివానికి మందుల ఖర్చే కాదు, ఆనాటి కూలి కూడా పోతుంది. శస్త్రచికిత్స అయినవారికి మాట సరిగా రాకపోవచ్చు, మింగటం కష్టం కావచ్చు. వారు నోటి వ్యాయామాలు చేయాలి, వైద్యుడు చెప్పిన గడువుకు తిరిగి చూపించుకోవాలి, పొగాకును మళ్ళీ ముట్టరాదు. మరి ఇరుగుపొరుగు ఏం చేయాలి? క్యాన్సరు అంటువ్యాధి కాదు. కోలుకొన్నవారికి వేరే కంచం, వేరే లోటా పెట్టటం అజ్ఞానం. వారిని పెళ్ళికి, పేరంటానికి పిలవటం, తిరిగి పనిలో చేర్చుకోవటం కూడా వైద్యమే.

పిల్లలూ! పాఠశాలలకు 100 గజాల లోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టం చెప్పింది. చట్టం దుకాణాన్ని ఆపగలదు గాని, అవ్వ సంచిని వెదకలేదు. ఆ పని మీరే చేయగలరు. అవ్వను గద్దించకండి. పక్కన కూర్చుని, "అవ్వా, ఒకసారి నోరు తెరు, చూస్తాను" అని అడగండి. మానని పుండు కనిపిస్తే ఆమె చేయి పట్టుకొని ఆరోగ్య కేంద్రానికి తీసుకొని వెళ్ళండి. రాతి పగులును పసిగట్టిన గనివాని మనుమలు మీరు. ఆ ముందుచూపు మీకు రాకపోదు.

అభ్యాసం

1. గని జాగ్రత్తకు, రోగ నివారణకు రచయిత చూపిన పోలిక ఏమిటి?
2. నోటి క్యాన్సరు తొలి గుర్తులను తెలపండి.
3. కేరళ అధ్యయనం వల్ల ఏమి తేలింది?
4. "తిరిగి పనిలో చేర్చుకోవటం కూడా వైద్యమే" – ఈ వాక్యాన్ని మీ మాటలలో వివరించండి.
5. పొగాకు మానమని మీ ఇంటి పెద్దలకు ఒక ఉత్తరం వ్రాయండి.