రెండు క్యాలెండర్ల మధ్య కార్చోబ్

హైదరాబాద్ కిషన్‌బాగ్‌లో కార్చోబ్‌ను, అంటే గుడ్డ బిగించి కుట్టుపని చేసే చట్రాన్ని, నమ్ముకుని బతికే ఇంటికి రెండు క్యాలెండర్లు కావాలి. ఒకటి చాంద్ తారీఖుల హిజ్రీ క్యాలెండర్. రంజాన్ ఎప్పుడు మొదలవుతుంది, ఈద్ ఎప్పుడు, మొహర్రం ఎప్పుడు అని చూసుకోవడానికి. రెండోది తెలుగు క్యాలెండర్. మాఘంలో ముహూర్తాలు ఎన్నున్నాయి, మూఢం ఎప్పుడు పడుతుంది, శ్రావణం ఎప్పుడొస్తుంది అని చూసుకోవడానికి. ఆ చట్రం మీద బిగించిన గుడ్డ ఒక నెలలో ఈద్‌కి కుట్టించుకునే షరారా అయితే, మరో నెలలో కూకట్‌పల్లిలోనో ఎల్బీనగర్‌లోనో పీటల మీద కూర్చోబోయే పెళ్లికూతురి జాకెట్టు. ఒకే సూది, ఒకే చెయ్యి. పండగలు మాత్రం రెండు వైపుల నుంచీ వస్తాయి.

ఇంట్లో ఉండి చేతిపని చేసుకునే ఆడవాళ్లకు మనం ఇచ్చే సలహాలన్నీ రోజు చుట్టూనే తిరుగుతాయి. పొద్దున ఐదింటికి లేవండి, టైమ్ టేబుల్ రాసుకోండి, పిల్లలు బడికి వెళ్లాక పని మొదలుపెట్టండి అంటాం. ఇవన్నీ ఆమె ఎప్పటి నుంచో చేస్తున్నవే. ఇల్లు, పని, తనకంటూ ఒక కొత్త డిజైన్ గీసుకునే తీరిక, ఈ మూడూ ఒక్క రోజులో ఇమడవు. ఇమడలేదని ఆమె తన్ను తాను తిట్టుకుంటుంది. సమతూకం వెతకాల్సింది రోజులో కాదు, ఏడాదిలో. నా నమ్మకం ఇది. కార్చోబ్ ఇళ్లను దగ్గర నుంచి చూసేకొద్దీ ఆ నమ్మకం గట్టిపడింది.

ముందు ఆ పని ఎలాంటిదో చెప్పాలి. బహదూర్‌పురా నుంచి అత్తాపూర్ వైపు వెళ్లే దారిలో, మీర్ ఆలం చెరువుకీ జూ పార్కుకీ దగ్గర్లో ఉన్న గల్లీలు ఇవి. ఇళ్లు చిన్నవి. ఉన్న రెండు గదుల్లో ఒకదాన్ని కార్చోబ్ ఆక్రమిస్తుంది. నాలుగు చెక్కలతో చేసిన చట్రం అది. మనం మగ్గం వర్క్ అంటామే, ఆ మగ్గం ఇదే. గుడ్డను అంచుల వెంట దారంతో లాగి తప్పెటలా బిగిస్తారు. బటర్ పేపర్ మీద డిజైన్ గీసి, గీత వెంట సూదితో సన్నగా చిల్లులు పొడిచి, గుడ్డ మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన పొడిని పైన రుద్దితే చుక్కచుక్కలుగా బొమ్మ దిగుతుంది. ఆ తర్వాత ఆరీ సూది. కుడి చెయ్యి పైన, ఎడమ చెయ్యి గుడ్డ కింద. పైచెయ్యి సూదిని దించితే కిందిచెయ్యి దారాన్ని కొక్కేనికి అందిస్తుంది. కిందిచేతిని కళ్లు చూడవు, అది అలవాటు మీద నడుస్తుంది. జర్దోసీ అయితే వేరే పని. స్ప్రింగులాంటి తీగను కత్తెరతో చిన్నచిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కను పూసలా సూదికి ఎక్కించి కుడతారు.

ఈ పనికీ వంటింటికీ పడదు. పసుపు తగిలిన వేలితో మీగడ రంగు పట్టును ముట్టుకుంటే ఆ మరక పోదు. కూరలో పోపు వేసి వచ్చి ఒక పువ్వు కుట్టడం, మళ్లీ లేచి అన్నం వార్చి రావడం పైకి కుదిరినట్టే కనిపిస్తుంది. లేచిన ప్రతిసారీ చేతులు గోళ్ల సందుల్లోంచి కడుక్కోవాలి, ఎడమచేతికి దారం బిగువు మళ్లీ అలవాటు కావాలి. అందుకే అనుభవమున్న ఆడవాళ్లు పావుగంట ముక్కలతో పని చెయ్యరు. వంటంతా ఒకేసారి ముగించి, రెండు మూడు గంటలు కదలకుండా కూర్చుంటారు. ఆ రెండు మూడు గంటల్లో ఎవరూ పిలవకూడదు. ఇంటిల్లిపాదీ ఆమెకు ఇవ్వగలిగిన గొప్ప సాయం ఇదే. ఇందులో రూపాయి ఖర్చు లేదు.

ఇక క్యాలెండర్ల సంగతి. హిజ్రీ నెలా, తెలుగు నెలా రెండూ చంద్రుణ్ని బట్టే నడుస్తాయి. అమావాస్య దాటిన మర్నాటికో, నెలవంక కనిపించాకో కొత్త నెల మొదలవుతుంది. రెండింటికీ తేడా ఒకటి రెండు రోజులే. అయితే రుతువులతో లెక్క తప్పకుండా ఉండేందుకు తెలుగు పంచాంగం దాదాపు 33 నెలలకొకసారి అధికమాసం కలుపుకుంటుంది, హిజ్రీ కలుపుకోదు. కాబట్టి అధికమాసం వచ్చిన ప్రతిసారీ రంజాన్ మన నెలల్లో ఒక మెట్టు వెనక్కి దిగుతుంది. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, ఈద్ ఏప్రిల్ 11న వచ్చాయి. 2025లో ఉగాది మార్చి 30న అయితే ఈద్ మర్నాడే. అంటే ఆ రెండేళ్లూ రంజాన్ ఫాల్గుణంతో కలిసి నడిచింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కనుక, 2027లో రంజాన్ మాఘమాసంలోకి వస్తుంది. మాఘం పెళ్లిళ్ల నెల. ఈద్ బట్టలూ పెళ్లి జాకెట్లూ ఒకే నెలలో ఒకే కార్చోబ్ మీదకి వస్తాయి.

ఆ నెలలో ఇంటిపని తగ్గుతుందా అంటే, పెరుగుతుంది. తెల్లవారకముందే సహరీకి వండాలి, సాయంత్రం ఇఫ్తార్‌కి వండాలి. మధ్యలో ఉపవాసంతో కూర్చుని కుట్టాలి. హిందూ ఇళ్లలో మగ్గం వర్క్ చేసే ఆడవాళ్లకు శ్రావణం ఇలాగే ఉంటుంది. వరలక్ష్మీ వ్రతం ఇంట్లో, పదిమంది జాకెట్లు మగ్గం మీద. ఆర్డర్లు ఎక్కువగా ఉండే నెలే ఇంటి బాధ్యత కూడా ఎక్కువగా ఉండే నెల. ఎందుకంటే రెండింటికీ కారణం పండగే. టైమ్ టేబుల్ ఎంత బాగా రాసుకున్నా ఈ ముడి రోజులో విడదు. కొన్ని నెలల ముందే విప్పుకోవాలి.

ఒకసారి రంజాన్ రోజుల్లో ఒకావిణ్ని అడిగాను, "ఆపా, ఒక్కరే ఉన్నారు, ఇన్ని ఆర్డర్లు ఎందుకు ఒప్పుకున్నారు?" అని. "కాదంటే ఇంకో ఇంటికి పోతరు కదమ్మా, మళ్ల మా గల్లీకి రారు" అన్నారు. ఆ భయంలో నిజముంది. అందుకే ఊరికే కాదనమని నేను చెప్పను. తారీఖు చెప్పమంటాను. ఈద్‌కి ముందు పనైతే షాబాన్ నెలలోపే గుడ్డ ఇవ్వాలి, మాఘం పెళ్లయితే సంక్రాంతిలోపే ఇవ్వాలి, ఆ తర్వాత వచ్చినవి పండగ దాటాకే. ఈ మాట రెండు సీజన్లు ఖచ్చితంగా పాటిస్తే ఖాతాదారులే ముందు రావడం నేర్చుకుంటారు. పేరున్న దర్జీలందరూ ఇదే చేస్తారు, వాళ్లను ఎవరూ పొగరని అనుకోరు.

తన పనికి తనే వెల కట్టుకోలేకపోవడం వల్ల కూడా ఈ భయం పుడుతుంది. లెక్క కోసం ఒక జాకెట్టుకు 3,500 రూపాయలు మాట్లాడుకున్నారనుకుందాం. పూసలు, కుందన్లు, జరీకి 900. ఆటో, ట్రేసింగ్, దారాలకు 200. చేతికి మిగిలేది 2,400. ముప్ఫై గంటల పనైతే గంటకు 80. కానీ సామాను కోసం బేగంబజార్ వెళ్లిరావడం, ఫోన్లో డిజైన్లు చూపించడం, మెడ దగ్గర మార్పు చెయ్యమంటే విప్పి కుట్టడం, వీటికి ఇంకో ఆరు గంటలు పోతే గంటకు 67 రూపాయలకు దిగుతుంది. ఈ ఆరు గంటలూ ఎవరి పుస్తకంలోనూ ఉండవు. ఒక నోటు పుస్తకంలో ప్రతి జాకెట్టుకీ గంటలు రాసుకుంటే, ఏ పని గిట్టుబాటో ఏది కాదో మూడు నెలల్లో తేలిపోతుంది. ఏ ఆర్డరు వదులుకోవాలో భయం కాక ఆ పుస్తకం చెబుతుంది.

తెలుగు నేల మీద దీనికి ఒక పాఠం ఉంది. పశ్చిమ గోదావరిలో నరసాపురం లేసు. క్రోషియాతో అల్లిన ఆ లేసు విదేశాలకు వెళ్లేది. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి స్త్రీల మీద అధ్యయనం చేసి 1982లో పుస్తకం ప్రచురించారు. ఆ స్త్రీలు ఇంటిపని చేసుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లేవారు. అయినా వాళ్లను కార్మికులని ఎవరూ అనలేదు. గృహిణులు, తీరిక వేళ అల్లుకుంటున్నారు అన్నారు. తీరిక అనుకున్నంత కాలం వెల పెరగలేదు, లాభం వ్యాపారుల దగ్గరే ఆగింది. నరసాపురం లేసుకు, మన లాడ్‌బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. ఆ గుర్తింపు వస్తువుకు వచ్చింది, అల్లిన గంటలకు ఇంకా రాలేదు.

ఇంట్లో కూడా ఆ గంటలకు లెక్క లేదు. కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. దాదాపు అయిదు గంటలు ముందే పోయాక మిగిలిన రోజులో ఆమె సమతూకం సాధించాలట! నేను వ్యక్తిత్వ వికాసం పేరుతో ఆమెను ఇంకా క్రమశిక్షణ నేర్చుకోమని చెప్పలేను. మారాల్సిన వ్యక్తిత్వం ఆ ఇంట్లో ఇంకొకరిది కూడా. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం, చేనేత చీరకు దారం చుట్టే ఆసు పోయడానికి వేలసార్లు చెయ్యి ఆడించి భుజం నొప్పితో బాధపడే తల్లిని చూస్తూ పెరిగాడు. ఏళ్ల తరబడి తంటాలుపడి 1999లో ఆ పని చేసే యంత్రం తయారుచేసి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అందరూ యంత్రం కనిపెట్టక్కర్లేదు. రంజాన్ నెల సాయంత్రాలు గిన్నెలు తోమే కొడుకు, శ్రావణంలో సరుకులు తెచ్చి కూరలు తరిగే భర్త చాలు. ఆ మాట సీజన్ మొదలవకముందే కూర్చుని మాట్లాడుకోవాలి. పని నెత్తిన పడ్డాక అడిగితే అది గొడవగానే వినిపిస్తుంది.

ఇదే హైదరాబాద్‌లో సురయ్యా హసన్ బోస్ అనే ఆవిడ ఉండేవారు. 1928లో పుట్టి 2021లో పోయారు. హిమ్రూ, మష్రూ లాంటి పాత నేతలను బతికించారు. దర్గా హుస్సేన్ షా వలీ దగ్గర ఆమె నేత శాలలో మగ్గాల మీద కూర్చున్నవాళ్లలో వితంతువులు ఎందరో. ఆ పక్కనే సఫ్రానీ మెమోరియల్ హైస్కూల్ నడిపారు. నేసే తల్లుల పిల్లలు అక్కడే చదువుకున్నారు. పిల్లలెక్కడున్నారో, తిన్నారో లేదో అన్న చింత లేని చెయ్యి నేసే గుడ్డ వేరుగా ఉంటుందని ఆమెకు తెలుసు. తల్లి ఓర్పు మీద భారం వెయ్యకుండా, బడిని మగ్గం పక్కకు తెచ్చారు. గల్లీలో నాలుగిళ్ల ఆడవాళ్లు కలిసి వంతులవారీగా పిల్లల్ని చూసుకున్నా, అదే పని చిన్న స్థాయిలో జరిగినట్టే.

మిగిలింది మూడోది, తన సొంత డిజైన్. అన్నిటికంటే ముందు బలయ్యేది అదే. ఆర్డర్ జాకెట్లమీద ఎప్పుడూ నెమళ్లు, ఏనుగులు, మామిడి పిందెలు, ఫోన్లో ఎవరో పంపిన ఫొటో. ఏళ్లకేళ్లు అవే కుడితే చెయ్యి వేగం నేర్చుకుంటుంది, కన్ను మొద్దుబారుతుంది. దీనికి చోటు ఖాళీ నెలల్లోనే ఉంది. మూఢంలో, అధికమాసంలో ముహూర్తాలుండవు, ఆషాఢంలో పెళ్లిళ్లు చెయ్యరు, మొహర్రంలో ముస్లిం ఇళ్లలో శుభకార్యాలు పెట్టుకోరు. 2024లోనూ 2025లోనూ ఆషాఢం, మొహర్రం దాదాపు ఒకే రోజుల్లో మొదలై రెండు వైపులా ఆర్డర్లు ఆగాయి. అలాంటి నెలను కార్చోబ్ ఇల్లు కరువుగానే చూస్తుంది, తప్పు పట్టలేం. కానీ సీజన్లో వచ్చిన ప్రతి జాకెట్టు నుంచి కొంత పక్కన పెట్టుకుంటే, ఆ నెల తిండికి వెతుక్కోకుండా డిజైన్‌కి దక్కుతుంది. నన్నడిగితే ఎక్కడికీ పోనక్కర్లేదు. మీర్ ఆలం కట్టకు 21 కమాన్లు. విల్లులా వంగిన కమాన్లు పక్కపక్కనే వరసకట్టి నీళ్లను ఆపుతాయి. రెండు వందల ఏళ్లుగా ఈ బస్తీ పక్కనే ఉన్న ఆ వరసను చీరంచు మీదకి ఎవరైనా దించితే, కమాను లోపల దబ్కా అనే స్ప్రింగు తీగ, బయట నీటి గీతల్లా వెండి తీగ వేస్తే, అది ఏ ఫోన్లోనూ దొరకదు. ఎవరికోసమూ కాని అలాంటి గుడ్డ ఏడాదికి ఒక్కటి కుట్టినా చాలు. అమ్మకపోయినా పరవాలేదు. రేపు ఖాతాదారుకు చూపించి 'ఇది నాది' అని వెల చెప్పుకోవడానికి ఆమె దగ్గర ఒకటి ఉంటుంది.

కళ్ల గురించీ ఒక మాట. జర్దోసీ తీగ మెరుపు మీద రాత్రిపూట పసుపు బల్బు కింద కుట్టడం మానుకోవాలి. ఒంగిన నడుముకీ మెడకీ గంటకోసారి విరామం ఇవ్వాలి. తర్వాత ఆసుపత్రిలో పెట్టే ఖర్చేదో ముందే మంచి లైటు మీద పెట్టుకోవచ్చు. ఇక గుర్తింపు సంగతికొస్తే, ఇంటి దగ్గర పనిచేసేవాళ్లను 2008లోనే అసంఘటిత కార్మికుల చట్టం కార్మికులుగా గుర్తించింది. అలాంటి కార్మికుల కోసం 2021లో వచ్చిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు.

ఇది చదివేవాళ్లలో కుట్టేవాళ్లకంటే కుట్టించుకునేవాళ్లే ఎక్కువమంది ఉంటారు. ముహూర్తం పెట్టించిన వారంలోనే జాకెట్టు గుడ్డ తీసుకెళ్లి ఇవ్వండి, పెళ్లికి పదిరోజుల ముందు కాదు. అడ్వాన్సు సామాను ఖర్చుకు సరిపోయేలా ఇవ్వండి. డిజైన్ ఒకసారి ఖాయం చేశాక మార్పు కావాలంటే దానికి వేరే డబ్బు ఇవ్వండి. ఆవిడ రంజాన్ ఉపవాసంలో ఉంటే ఇఫ్తార్ వేళకు ఫోన్ చెయ్యకండి.