కెమెరా సరే, తాళం ఎవరి దగ్గరుంది?

చిరంజీవి అమ్మలుకి,



ఉద్యోగంలో చేరుతున్నావని అన్నయ్య చెప్పాడు. నీ మెసేజీ కూడా చూశాను. "నాది కమాండ్ కంట్రోల్ సెంటర్లో సెక్యూరిటీ పని అత్తా, సర్వర్లతోనే, జనంతో తలనొప్పి ఉండదు" అని రాశావు. ఉద్యోగం వచ్చినందుకు చాలా సంతోషం. ఆ చివరి మాట మాత్రం నేను ఒప్పుకోను. ఫైర్‌వాల్ గురించి నీకు చెప్పేంత చదువు నాకు లేదు. మున్సిపల్ ఆఫీసులో పన్నుల సెక్షన్లో పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి జనం గురించీ, ఆఫీసుల గురించీ కాస్త తెలుసు. ఊళ్లోవాళ్లు దేన్ని పట్టించుకుంటారు, దేన్ని వదిలేస్తారు అన్నదాన్ని బట్టే నీ సర్వర్ల భద్రత సగం తేలిపోతుంది.

మీ సెంటరు లాంటివాటిని తెచ్చిన స్మార్ట్ సిటీస్ మిషన్ 2015 జూన్‌లో మొదలైంది. మరుసటి ఏడాది జనవరిలో వచ్చిన మొదటి 20 నగరాల జాబితాలోనే విశాఖపట్నం, కాకినాడ ఉన్నాయి. తిరుపతి, అమరావతి, వరంగల్, కరీంనగర్ తర్వాత చేరాయి. 2025 మార్చితో మిషన్ గడువు తీరిపోయింది. కెమెరాలు, సెన్సార్లు మాత్రం స్తంభాల మీదే ఉన్నాయి. ఇక మిగిలింది నిర్వహణ. కొత్త కెమెరాకి రిబ్బన్ కత్తిరిస్తారుగానీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కి ఎవరూ కొబ్బరికాయ కొట్టరమ్మా. కౌన్సిల్ మీటింగులో కార్పొరేటరు లేచి అడిగితే ఎన్ని కెమెరాలు కొన్నారని అడుగుతాడు, మహా అయితే ఎన్ని పనిచేస్తున్నాయని అడుగుతాడు. వాటి పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందని అడిగినవాణ్ణి నేను చూడలేదు. ఓటరు అడగడు కాబట్టి కార్పొరేటరూ అడగడు. ఆయన అడగడు కాబట్టి టెండరులో భద్రతకి ఒక లైను మిగులుతుంది, తక్కువ ధర వేసి ఎల్-వన్‌గా వచ్చినవాడు ఆ లైనునే ముందు కుదిస్తాడు.

"మన దగ్గర ఏముందని దోచుకుంటారు?" ఈ మాట నువ్వు రోజూ వింటావు. చదువుకున్నవాళ్లే ఎక్కువగా అంటారు. వాళ్లకి 2016 నాటి మిరాయ్ సంగతి చెప్పు. ఇళ్లలో, దుకాణాల్లో ఉన్న కెమెరాలు, డీవీఆర్‌లు, రూటర్లలోకి ఆ ప్రోగ్రాము దూరింది. దానికి పెద్ద విద్యేమీ అక్కర్లేకపోయింది. ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జతలు ఓ 60కి పైగా దగ్గర పెట్టుకుని ఒక్కోటీ ప్రయత్నించడమే దాని పని. అలా పట్టుబడిన పరికరాలన్నీ కలిసి ఆ ఏడు అక్టోబర్ 21న వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డిన్ అనే కంపెనీ మీద పడితే అమెరికాలో చాలామందికి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి తెరుచుకోలేదు. మిరాయ్‌ని రాసిన ముగ్గురూ ఇరవై, ఇరవై ఒకటేళ్ల కుర్రాళ్లు. మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్ల పోటీలో మొదలుపెట్టారట! 2017 డిసెంబర్‌లో నేరం ఒప్పుకున్నారు. ఇందులో ఆ కెమెరాల సొంతదారులకి పైసా నష్టం లేదు. కెమెరా ఎప్పటిలాగే బొమ్మ చూపిస్తూనే ఉంది. నష్టం ఎక్కడో ఎవరికో జరిగితే తన పాస్‌వర్డ్ మార్చుకోవాలని ఎవరికి తోస్తుంది? ఆ సొంతదారుల్లో చెడ్డవాళ్లని ఒక్కరినీ వేలెత్తి చూపలేవు.

అందుకే కొన్ని ప్రభుత్వాలు జనం బుద్ధి మారేదాకా ఆగలేదు. కాలిఫోర్నియాలో 2020 నుంచి, బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అన్ని పరికరాలకీ ఒకే సులువైన పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం కుదరదు. సింగపూర్ 2020లో రూటర్ల మీద భద్రత ఎంతో చెప్పే లేబుల్ తెచ్చింది. మన దేశంలోనూ 2025 నుంచి సీసీటీవీ కెమెరాలకి భద్రతా పరీక్ష తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ ఇప్పటికే గోడలకి బిగించి ఉన్నవాటి సంగతో?

హైదరాబాద్‌లో పోలీసులు "నేను సైతం" అని పిలుపిచ్చినప్పుడు కాలనీలవాళ్లు, దుకాణాలవాళ్లు సొంత డబ్బు వేసుకుని కెమెరాలు పెట్టించారు. అంతకుముందే 2013లో ప్రజా భద్రత చట్టం వచ్చి, జనం ఎక్కువగా వచ్చిపోయే సంస్థలన్నీ కెమెరాలు పెట్టి తీరాలంది. కెమెరా అంటే రక్షణ అన్న నమ్మకం మన దగ్గర అంత గట్టిది. గొలుసు దొంగ దొరికాడంటే కెమెరా పుణ్యమే అంటాం, అది అబద్ధమూ కాదు. అయితే ఆ నమ్మకం కెమెరా బిగించడం దగ్గరే ఆగిపోతుంది. మా అపార్ట్‌మెంటునే చూడు. కెమెరాలకి తలా ఇంత అని చందా వేస్తే అడగకుండా ఇచ్చారు. ఏటేటా మరమ్మతులు చూసే ఏఎంసీకి అడిగితే జనరల్ బాడీ మీటింగులో గంటసేపు వాదన. బిగించిన కుర్రాడు సులువుగా గుర్తుండే పాస్‌వర్డ్ ఒకటి పెట్టి, దాన్ని వాట్సాప్ గ్రూపులో పోస్టు చేశాడు. ఆ గ్రూపులో ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయిన అద్దెవాళ్లూ ఉన్నారు. మార్చమని సెక్రటరీగారికి చెబితే "మనందరం ఒకరికొకరు తెలిసినవాళ్లమే కదండీ" అన్నారు. మర్యాదస్తుడు. ఎవరినో అనుమానించినట్టు ఉంటుందని ఆయన మొహమాటం.

పాస్‌వర్డ్ మార్చకపోతే ఎంత ఖరీదో రాజ్‌కోట్‌లో తెలిసింది. అక్కడి ఒక ప్రసూతి ఆసుపత్రిలో మహిళలని పరీక్షించే గదిలోని దృశ్యాలు బయటికి పొక్కి, టెలిగ్రామ్‌లో అమ్మకానికి వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో పోలీసులు కేసు పెట్టారు. కెమెరా వ్యవస్థకి ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉంచేశారని తర్వాత పత్రికల్లో వచ్చింది. నాకు మాత్రం పాస్‌వర్డ్ కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ గదిలో కెమెరా ఎందుకు పెట్టారు? "భద్రత కోసం" అని ఎవరో అని ఉంటారు, ఎవరూ కాదనలేదు. కెమెరా ఎక్కడ పెట్టినా మంచిదే అనుకునే చోట ఆ ప్రశ్న పుట్టదు.

జనం ప్రశ్నిస్తే ఏమవుతుందో కూడా చెబుతాను. అమెరికాలోని శాన్ డియాగోలో కరెంటు ఆదా అవుతుందని చెప్పి 2016లో స్మార్ట్ వీధి దీపాలకి అనుమతి తీసుకున్నారు. మూడు వేలకు పైగా దీపాల్లో కెమెరాలున్నాయనీ, వాటిని పోలీసులు వాడుకుంటున్నారనీ జనానికి చాలా తర్వాత తెలిసింది. గొడవ పెద్దదై 2020 సెప్టెంబర్‌లో ఆపేయాల్సి వచ్చింది. తర్వాత ఇలాంటి నిఘా సామగ్రికి ముందే పరిశీలన, కౌన్సిల్ ఆమోదం ఉండాలని నిబంధన పెట్టుకున్నారు. నెదర్లాండ్స్‌లో స్మార్ట్ మీటరు తప్పనిసరి అనే బిల్లుని 2009లో ఎగువ సభ తిప్పి కొట్టింది. ఇంట్లో ఎవరు ఎప్పుడు ఉన్నారో మీటరు రీడింగే చెప్పేస్తుందని అక్కడివాళ్ల అభ్యంతరం. వద్దనే హక్కు ఇచ్చాకే అది చట్టమైంది. మన దగ్గరా స్మార్ట్ మీటర్లంటే వ్యతిరేకత ఉంది, అది బిల్లు పెరుగుతుందేమోనన్న భయంతో. రీడింగు వివరాలు ఎక్కడ దాస్తారు, ఎవరు చూస్తారు అనే మాట ఆ గొడవలో నాకు పెద్దగా వినపడలేదు. ఏదేమైనా, అడ్డం తిరిగినవాణ్ణి "అభివృద్ధికి అడ్డుపడేవాడు" అని మీ ఆఫీసులో ఎవరైనా అంటే నువ్వు తల ఊపకు. నీకు ఉచితంగా దొరికే ఆడిటర్ అతనే.

ఆడిటంటే గుర్తొచ్చింది. అట్లాంటా నగరం మీద 2018 మార్చిలో రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. దుండగులు అడిగింది సుమారు 51 వేల డాలర్లు. నగరం కట్టలేదు. కోర్టు పనులు, నీటి బిల్లుల చెల్లింపులు ఆగిపోయాయి, సరిచేయడానికి మిలియన్ల డాలర్లు ఖర్చయింది. అంతకు రెండు నెలల ముందే నగర ఆడిటర్లు రాసిపెట్టారు, తీవ్రమైన లోపాలు ఎంతో కాలంగా ఉండిపోయి, బాధ్యులు వాటికి అలవాటుపడి పట్టించుకోవడమే మానేశారని! ఆ ముక్క చదివితే నాకు నవ్వొచ్చింది. ఆడిట్ పేరాకి "చర్య తీసుకొనబడుచున్నది" అని జవాబు రాసి ఫైలు మూయడం మనకొక్కళ్లకే వచ్చిన విద్య కాదన్నమాట.

జనం నమ్మకం పోతే ఏమవుతుందో డల్లాస్‌లో చూశారు. 2017 ఏప్రిల్ 7 రాత్రి ఎవరో రేడియో సంకేతంతో ఊళ్లోని 156 తుఫాను సైరన్లనీ మోగించారు. నిద్రలేచిన జనం నాలుగు వేలకు పైగా ఎమర్జెన్సీ కాల్స్ చేశారు, నిజంగా ప్రాణం మీదికి వచ్చినవాళ్లూ ఆ వరసలోనే ఆగాల్సి వచ్చింది. మన నాన్నా పులి కథే. మళ్లీ సైరన్ మోగినప్పుడు లేవాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించేవాళ్లుంటే ఆ క్షణమే చాలు. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ వాడేవాళ్ల వివరాలు బయటపడ్డప్పుడు నాకు అదే దిగులేసింది. ఆపదలో సాయం అడగడానికి పెట్టుకున్న యాప్ అది. తన వివరాలు అందులోంచే పొక్కాయని తెలిసిన ఆడపిల్ల మళ్లీ అందులో ఫిర్యాదు చేస్తుందా?

ఇక నాకు బాగా తెలిసిన విషయం. "ఈ రాత్రి మీ కరెంటు కట్ చేస్తాం, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి" అనే దొంగ మెసేజీలు చూశావుగా. చదువుకున్న పెద్దమనుషులే ఎందుకు పడిపోతారు? సర్కారు నుంచి మాట వస్తే భయపడి తలవంచడం మనకి తరాలుగా వచ్చిన అలవాటు. దానికి తోడు ఆఫీసులూ జనానికి పాడు అలవాటు నేర్పుతాయి. ఇంటి పన్ను గడువు దగ్గరపడిందని మేమూ లింకులు పెట్టి మెసేజీలు పంపేవాళ్లం, జప్తు చేస్తామని ఓ బెదిరింపు కూడా చేర్చి. పొద్దున మా లింకు నొక్కమంటాం, సాయంత్రం పోలీసులొచ్చి తెలియని లింకు నొక్కొద్దంటారు. మాది నిజమో దొంగదో ఆ ముసలాయన ఎలా తేల్చుకోవాలి? కాబట్టి నీ చేతిలో ఉన్నంతలో జనానికి పంపే మెసేజీలో లింకు పెట్టనివ్వకు. ఎంత కట్టాలో, ఎప్పటిలోగా కట్టాలో చెప్పి, వార్డు సచివాలయానికి రమ్మనో ఆఫీసు వెబ్‌సైట్ చూడమనో తెలుగులో రాయించు. వసూళ్లు తగ్గుతాయని పైవాళ్లు అంటారు. కొన్నాళ్లు తగ్గుతాయేమో కూడా. అయినా పట్టుబట్టు.

మోసపోయినవాళ్లని చూసి నవ్వకు. పరువు పోతుందని ఇంట్లో చెప్పుకోక, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయక డబ్బు పోగొట్టుకున్నవాళ్లు మన బంధువుల్లోనే ఉన్నారు. త్వరగా చెబితే ఆ డబ్బు బ్యాంకులోనే ఆపగలిగే అవకాశం ఉంటుంది. ఆఫీసులోనూ అంతే. దొంగ మెయిల్ తెరిచిన క్లర్కు మెమో ఇస్తారని భయపడి నోరు మూసుకుంటే నీకు సంగతి తెలిసేసరికి వారం గడిచిపోతుంది. వచ్చి చెప్పినవాడికి శిక్ష ఉండదని మీ పైఅధికారి చేత కాగితం మీద రాయించు. నోటిమాట చాలదు, అధికారులు బదిలీ అయిపోతుంటారు.

చేరిన మొదటి వారంలో ఒక పని చెయ్యి. కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోయిన వెండార్లలో ఎంతమంది లాగిన్లు ఇంకా పనిచేస్తున్నాయో జాబితా తీయించు. లాగిన్ ఎవరి పేరున ఉందో, ఎవరు ఎప్పుడు మూయించారో పక్కన రాయించు. ఆ జాబితా పైవాళ్లకి నచ్చకపోయినా ఫైల్లో పెట్టు, డిస్పాచ్ నంబరు వేయించడం మర్చిపోకు.

ఆశీస్సులతో,
అత్త