గ్రంథరచన – మార్గదర్శనం

పాఠ్యభాగ ఉద్దేశం: పుస్తకం రాయదలచిన వ్యక్తి తన కృషిలో ఏ దశ వరకు ఒంటరిగా సాగాలో, ఏ దశలో అనుభవజ్ఞుడైన శిక్షకుని ఆశ్రయించాలో విద్యార్థులకు తెలియజేయడం.

ఖమ్మం నుండి వైరా, తల్లాడల మీదుగా కొత్తగూడెం వెళ్లే దారిలో ఏన్కూరు ఉన్నది. అక్కడి నుండి పత్తి చేలు, మిరప తోటల వెనుక అడవి కనిపించడం మొదలవుతుంది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఏన్కూరు ఖమ్మం జిల్లాలోనే ఉండిపోయింది. పొరుగున ఉన్న జూలూరుపాడు, ఆ పైనున్న కొత్తగూడెం, భద్రాచలం కొత్త జిల్లాలో చేరాయి. జిల్లా సరిహద్దు మారినంత మాత్రాన అక్కడి జీవనం మారలేదు. కోయగూడేలు, లంబాడీ తండాలు, రైతుల ఊళ్లు పక్కపక్కనే ఉండడం వలన ఆ ప్రాంతంలో తెలుగుతో పాటు కోయభాష, లంబాడీ భాష కూడా వినిపిస్తుంటాయి.

అటువంటి చోట ముప్పై సంవత్సరాలు ఉపాధ్యాయునిగా పనిచేసి, పదవీ విరమణ పొందిన ఒక వ్యక్తిని ఉదాహరణగా తీసుకోవచ్చు. పోడు వ్యవసాయం, వేసవిలో తునికాకు సేకరణ, ఇప్పపువ్వు ఏరే రోజులు, విత్తనాల పండుగ, బడికి మొదటిసారి వచ్చిన పిల్లల ముఖాలు – ఇవన్నీ అతని నోటుపుస్తకాలలో ఉన్నాయి. వాటిని ఒక పుస్తకంగా తేవాలని అతని సంకల్పం. బంధువులు ఎవరినైనా పెద్ద రచయితను కలవమంటారు. మిత్రులు డబ్బిచ్చి రాయించుకోమంటారు. అచ్చుకు అయ్యే ఖర్చు అతని పింఛను నుండే రావాలి. తెలుగులో చాలా పుస్తకాలు నేటికీ రచయితల సొంత ఖర్చుతోనే వెలువడుతున్నాయి. తొందరపడి చెడ్డ పుస్తకం తెస్తే డబ్బుతో పాటు ఆ ప్రాంతాన్ని గూర్చి చెప్పగలిగిన అవకాశం కూడా చేజారిపోతుంది. కనుక ఎవరిని ఎప్పుడు అడగాలన్న ప్రశ్న అతనికి చిన్నది కాదు.

తెలుగు సాహిత్యంలో ఈ ప్రశ్న తొలి కావ్యంతోనే మొదలయిందని చెప్పవచ్చు. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయ మహాభారత ఆంధ్రీకరణకు పూనుకొన్నాడు. పాండిత్యంలో ఎవరికీ తీసిపోని ఆ కవి కూడా నారాయణభట్టు అనే విద్వాంసుని సహాయం పొందినట్లు అవతారికలో స్వయంగా చెప్పుకొన్నాడు. భారతయుద్ధంలో అర్జునునికి కృష్ణుడు తోడ్పడినట్లు నారాయణభట్టు తనకు తోడ్పడినాడని ఆయన పోల్చిన తీరు గమనార్హం. కృష్ణుడు ఆయుధం పట్టలేదు, రథం నడిపాడు. బాణం వేయవలసినవాడు అర్జునుడే. రచయితకు, అతని మార్గదర్శకునికి మధ్య ఉండవలసిన సంబంధాన్ని ఇంతకంటే స్పష్టంగా చెప్పడం కష్టం.

అయితే రథం ఎక్కక ముందే సారథిని వెతుక్కొనేవారు చాలామంది ఉంటారు. ఇంకా ఒక్క అధ్యాయం కూడా రాయకుండానే ఎలా రాయాలని అడిగే వ్యక్తికి ఎంతటి గురువైనా సాధారణమైన మాటలు మాత్రమే చెప్పగలడు. అటువంటి మాటలు పుస్తకాలలోనే దొరుకుతాయి. ఉదాహరణకు, కాళీపట్నం రామారావు కథారచన గురించి రాసిన ‘కథాకథనం’ గ్రంథాలయంలో దొరికితే, ఏ శిక్షకుడూ లేకుండానే చదువుకోవచ్చు. తొలిదశలో రచయితకు కావలసినవి చదువు, అభ్యాసం, కొంత మొండితనం. ఏన్కూరు ఉపాధ్యాయుడు కూడా ముందుగా తన నోటుపుస్తకాలను పక్కన పెట్టి, మొదటి నుండి చివరి వరకు ఒకసారి పూర్తిగా రాయవలసి ఉంటుంది. ఆ రాత బాగుండనక్కర లేదు, పూర్తి అయితే చాలు.

పూర్తి అయిన రాతప్రతి విలువ ఏమిటో ఆంగ్ల సాహిత్యంలోని ఒక ప్రసిద్ధ సంఘటన తెలుపుతుంది. టి.ఎస్. ఇలియట్ తన ‘ది వేస్ట్ లాండ్’ కావ్యాన్ని ప్రచురణకు ముందు మిత్రుడైన ఎజ్రా పౌండ్‌కు చూపించాడు. పౌండ్ అందులో దాదాపు సగం భాగాన్ని తొలగింపజేశాడు. 1922లో వెలువడిన ఆ కావ్యం ఇరవయ్యో శతాబ్దపు కవిత్వంలో ప్రముఖ స్థానం పొందింది. తరువాత ఇలియట్ దానిని పౌండ్‌కే అంకితం చేశాడు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. కొట్టివేయడానికి పౌండ్ ముందు పుటలు ఉన్నాయి. ఖాళీ కాగితంపై ఎవరూ ఏ దిద్దుబాటూ చేయలేరు.

గురజాడ అప్పారావు జీవితంలోనూ ఇటువంటి ఘట్టం కనిపిస్తుంది. యువకునిగా ఉన్నప్పుడు ఆయన ఆంగ్లంలో కవిత్వం రాసేవాడు. 1883లో వెలువడిన ఆయన ఆంగ్ల కావ్యం ‘సారంగధర’ కలకత్తాలోని ‘రీస్ అండ్ రయ్యత్’ పత్రిక సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ దృష్టికి వచ్చింది. ముఖర్జీ ఆ రచనను మెచ్చి తన పత్రికలో పునర్ముద్రించాడు. అంతటితో ఆగక, పరాయి భాషలో ఎంత ప్రతిభ చూపినా మాతృభాషలో రాయడమే మేలన్న హితవు కూడా చెప్పాడు. విజయనగరానికి ఎంతో దూరాన ఉన్న ఆ సంపాదకుడు గురజాడ పద్యాలను దిద్దలేదు, ఛందస్సు నేర్పలేదు. రచయిత తనంతట తాను చూడలేకపోయిన ఒక్క విషయాన్ని చూపించాడు. ఆ తరువాత గురజాడ రాసిన ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. పేరు వచ్చిన తరువాత కూడా ఆయన దానిని అలాగే వదలలేదు. 1909లో వెలువడిన రెండవ కూర్పు ఎంతగా పెరిగి, మారినదంటే దానిని వేరొక నాటకమని చెప్పినా అతిశయోక్తి కాదు. నేడు చదువుతున్నది ఆ రెండవ కూర్పునే. షష్టిపూర్తి నాటికి పుస్తకం చేతికి రావాలని ముద్రాపకుని తొందరపెట్టేవారు ఈ పన్నెండేళ్ల వ్యవధిని గుర్తుంచుకొనడం మంచిది.

కనుక శిక్షకుని ఆశ్రయించవలసిన సమయాన్ని రచయిత తన వద్ద ఉన్న ప్రశ్నను బట్టి గుర్తించగలడు. “నా పుస్తకం బాగుందా?” అన్నది ప్రశ్న కాదు, పొగడ్త కోసం చాచిన చేయి. “రెండవ అధ్యాయంలో పోడు గొడవ చెప్పాను, ఏడవ అధ్యాయంలో మళ్లీ అదే చెప్పవలసి వచ్చింది, ఏది ఉంచాలి?” అన్నది ప్రశ్న. ఒకే అధ్యాయాన్ని మూడుసార్లు తిరగరాసినా లోపం ఎక్కడో అంతుబట్టకపోతే, చదివిన నలుగురూ ఒకే పుట దగ్గర ఆగిపోతుంటే, ఈ పుస్తకం ఊరివారి కోసమా, బయటివారి కోసమా అన్నది రచయితకే తేలకపోతే – అప్పుడు బయటి కన్ను అవసరమవుతుంది. మిత్రులు, కుటుంబసభ్యులు ఈ పనికి అంతగా పనికిరారు. వారికి రచయిత ఏమి చెప్పదలచాడో ముందే తెలుసు. రాయని మాటను కూడా వారు చదివేస్తారు.

అన్ని ప్రశ్నలకూ ఒకే వ్యక్తి సమాధానం చెప్పలేడు. అక్షరదోషాలు సరిచేసే ప్రూఫ్ రీడర్ వేరు, వాక్యాలను చక్కదిద్దే సంపాదకుడు వేరు, పుస్తక నిర్మాణాన్ని చర్చించి రచయిత చేతనే మళ్లీ రాయించే శిక్షకుడు వేరు. రుసుము తీసుకొని మొత్తం తానే రాసిపెట్టే వ్యక్తి ఈ మూడు కోవలకూ చెందడు. నిర్మాణలోపం ఉన్న రాతప్రతిని ప్రూఫ్ రీడర్‌కు ఇస్తే తప్పులు లేని గందరగోళం తిరిగి వస్తుంది. శిక్షకుని ఎంచుకొనేటప్పుడు మొత్తం పుస్తకానికి ఒప్పందం చేసుకోక, ముందుగా ఒక్క అధ్యాయం ఇచ్చి చూడడం వివేకం. అతడు ఇచ్చిన సూచనలు చదివిన తరువాత రచయితకు మళ్లీ రాయాలన్న ఉత్సాహం కలిగిందా, కలం పక్కన పెట్టాలనిపించిందా అన్నదే పరీక్ష. రుసుము, గడువు, ఎన్నిసార్లు చదవాలి అన్న అంశాలు కాగితంపై ఉండాలి. అచ్చు వేయిస్తామని, బహుమతి ఇప్పిస్తామని ముందే మాట ఇచ్చేవారికి దూరంగా ఉండడం మేలు. పుస్తకానికి వేసే ఐఎస్‌బీఎన్ సంఖ్యను భారతదేశంలో ప్రభుత్వ సంస్థ ఉచితంగానే ఇస్తుంది; దానికి పెద్ద మొత్తం అడిగేవారు కూడా లేకపోలేదు.

డబ్బుతో పనిలేని మార్గదర్శనం కూడా తెలుగు దేశంలో ఉన్నది. బందరులో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి వద్ద చదువుకొన్న విద్యార్థులలో విశ్వనాథ సత్యనారాయణ ఒకరు. 1964లో ‘యజ్ఞం’ కథతో ప్రసిద్ధుడైన కాళీపట్నం రామారావు వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1997లో ఆయన శ్రీకాకుళంలో కథానిలయాన్ని స్థాపించి, తెలుగు కథలన్నింటినీ ఒకచోట చేర్చే కృషికి పూనుకొన్నాడు. కొత్త రచయితలకు ఆయన ‘కారా మాస్టారు’. వారి కథలను ఓపికగా చదివి చర్చించడం ఆయన తన రచనతో సమానమైన పనిగా భావించాడు. అటువంటి పెద్దలు అందరికీ అందుబాటులో ఉండరు. అందుబాటులో ఉన్నవారి సమయం కూడా విలువైనదే కనుక, వారి వద్దకు పూర్తి అయిన రాతప్రతితో, స్పష్టమైన ప్రశ్నతో వెళ్లడం మర్యాద.

ఏన్కూరు వంటి ప్రాంతం గురించి రాసేవారికి మరొక చిక్కు ఉన్నది. నగరంలోని సంపాదకుడు ఎంత సమర్థుడైనా, తునికాకు కట్ట కట్టే తీరును గాని, గూడెంలో వడ్డె చేసే పూజాక్రమాన్ని గాని సరిచూడలేడు. పైగా తనకు తెలియని పలుకుబడిని తప్పుగా భావించి, శిష్టభాషలోకి మార్చే ప్రమాదం ఉన్నది. వాక్యం నున్నగా తయారవుతుంది, మనిషి గొంతు మాయమవుతుంది. దిద్దుబాటులో ఏ మాట మార్చరాదో రచయిత ముందే జాబితా రాసి ఇవ్వడం ఇందుకు ఒక ఉపాయం.

విషయజ్ఞానం కోసం ఎవరిని ఆశ్రయించాలన్న దానికి గిడుగు రామమూర్తి మార్గం చూపాడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా ఉన్న ఆయనకు సమీపంలోని కొండలలో నివసించే సవరల భాష నేర్చుకోవాలన్న కోరిక కలిగింది. ఆ భాషకు అప్పటికి లిపి గాని, పాఠ్యగ్రంథాలు గాని లేవు. రామమూర్తి పండితుల వద్దకు వెళ్లలేదు. తెలుగు తెలిసిన ఒక సవర వ్యక్తిని తన ఇంట ఉంచుకొని, అతనిని గురువుగా భావించి నేర్చుకొన్నాడు. ఏళ్ల తరబడి సాగిన ఆ కృషి ఫలితంగా 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. రచనలో ఎంత నిపుణుడైనా, విషయంలో శిష్యుడు కావలసిన సందర్భం ఉంటుందని ఆయన గుర్తించాడు.

భద్రాచలం అడవి ప్రాంతంలో అటువంటి గురువులు ఇప్పటికీ ఉన్నారు, కాని తగ్గిపోతున్నారు. మణుగూరు ప్రాంతానికి చెందిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క–సారలమ్మల కథలను, కోయ వంశాల చరిత్రలను పాటగా చెప్పేవాడు. ఆయన వద్ద ఉన్నది కాగితంపై ఉన్న చరిత్ర కాదు. తరతరాలుగా నోటి నుండి నోటికి వచ్చినది. 2022లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. 2024లో ఆయన మరణించాడు. ఏన్కూరు ఉపాధ్యాయుడు వాక్యనిర్మాణం కోసం హైదరాబాదులోని శిక్షకుని వచ్చే సంవత్సరం కలిసినా నష్టం లేదు. గూడెంలోని వృద్ధుని వద్దకు మాత్రం ఈ నెలలోనే వెళ్లవలసి ఉంటుంది. విన్నది రాసుకొని, దానిని తిరిగి వారికే చదివి వినిపించి, ఏది అచ్చు వేయవచ్చో, ఏది గూడెం దాటరాదో అడిగి తెలుసుకోవాలి. చెప్పినవారి పేరు పుస్తకంలో ఎక్కడ, ఎలా ఉండాలన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి.

అభ్యాసం

1. నన్నయ నారాయణభట్టు సహాయాన్ని దేనితో పోల్చాడు? ఆ పోలికలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. శంభుచంద్ర ముఖర్జీ సూచన గురజాడకు ఏ విధంగా ఉపకరించింది?
3. ప్రూఫ్ రీడర్, సంపాదకుడు, శిక్షకుడు – ఈ ముగ్గురి పనులలోని భేదాన్ని తెలపండి.
4. గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకొన్న విధానం గ్రంథరచయితలకు ఎందుకు ఆదర్శప్రాయం?
5. మీ ఊరి పెద్దలలో ఒకరిని కలిసి, వారు చెప్పిన ఒక పాత సంగతిని వారి మాటలలోనే రెండు పుటలు రాయండి. రాసిన దానిని వారికి చదివి వినిపించి, వారు చేసిన సవరణలను వేరే రంగు సిరాతో గుర్తించండి.