తగినంత అంటే ఎంత?

కొత్త మాటలు: కొలత – పాకం – సెగ – పెంపకం – చట్టం

ఉప్పు తగినంత. కారం తగినంత. నీళ్ళు సరిపడా.

వంట ఎలా చేయాలని ఎవరిని అడిగినా ఇలాగే చెబుతారు. వండే మనిషికి ఇది చాలు. గుప్పెడంటే ఎంతో, చిటికెడంటే ఎంతో ఆమె చేతికి తెలుసు. కాని ఆ చెయ్యి ఆమెది. కూతురిది కాదు, కోడలిది కాదు.

కూతురు పెళ్ళయి దూరం ఊరు పోయింది. సంక్రాంతికి తల్లికి ఫోను చేసింది.

“అరిసెల పాకం ఎప్పుడు దించాలమ్మా?”

“వచ్చినప్పుడు తెలుస్తుందే.”

“తెలియకే కదా అడుగుతున్నాను!”

తల్లి చెప్పింది అబద్ధం కాదు. పాకం వచ్చినప్పుడు ఆమెకు నిజంగానే తెలుస్తుంది. తెలిసిన సంగతిని మాటల్లో పెట్టడం ఆమెకు అలవాటు లేదు. అంతే. ఆ పూట కూతురి ఇంట్లో బెల్లమంతా రాయిలాగా గట్టిపడింది. ఈ రోజుల్లో బెల్లం ఊరికే వస్తుందా?

చదువు నేర్చిన ఆడవాళ్ళు మొదట పేరు రాశారు. ఊరు రాశారు. సంతకం చేశారు. ఇక వంట కూడా రాయవచ్చు. నోటితో చెప్పేటప్పుడు వదిలేసే సంగతులు రాసేటప్పుడు బయటికి వస్తాయి. ఆ తల్లి కాగితం మీద రాస్తే ఇలా ఉంటుంది.

అరిసెలు

బియ్యం ఒక కిలో. ఒక పగలు, ఒక రాత్రి నానబెట్టాలి. మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చాలి. మార్చకపోతే వాసన వస్తుంది. నీళ్ళు వంచి, తడి ఆరకముందే దంచాలి. లేదా మరలో ఆడించాలి. జల్లించిన పిండిని గిన్నెలో గట్టిగా నొక్కి మూత పెట్టాలి. పొడి పిండికి అరిసెలు రావు.

బెల్లం ముప్పావు కిలో. గ్లాసు నీళ్ళు పోసి కరిగించాలి. నలకలు, ఇసుక పోయేలా వడగట్టి మళ్ళీ పొయ్యి మీద పెట్టాలి.

అసలు పని ఇక్కడే ఉంది. పళ్ళెంలో చల్లని నీళ్ళు పోసి పక్కన పెట్టుకోవాలి. అందులో ఒక బొట్టు పాకం వేయాలి. వేలితో దగ్గరికి లాగాలి. బొట్టు నీళ్ళలో చెదిరిపోతే పాకం ఇంకా లేత. మెత్తని ఉండ కడితే అదే సమయం, వెంటనే దించాలి. ఉండ పళ్ళేనికి తగిలి టంగుమంటే ముదిరిపోయింది. లేత పాకమైతే అరిసె నూనెలో విడిపోతుంది. ముదురు పాకమైతే ముసలమ్మల పళ్ళు కదులుతాయి.

దించిన పాకంలో రెండు చెంచాల నెయ్యి, యాలకుల పొడి వేయాలి. ఒకరు పిండి పోస్తుంటే ఒకరు కలపాలి. ఇది ఒంటి చేతి పని కాదు. పిండి అంతా పట్టకపోవచ్చు. చలిమిడి ముద్ద కాగానే ఆపాలి. చిన్న ఉండ చేసి, నువ్వులు అద్ది, నూనె రాసిన ఆకు మీద తట్టాలి. కాగిన నూనెలో ఎర్రగా వేయించి, రెండు చెక్కల మధ్య నొక్కి నూనె తీయాలి.

‘వచ్చినప్పుడు తెలుస్తుంది’ అన్న మాటలో ఇంత ఉంది. పళ్ళెంలో నీళ్ళ సంగతి తల్లి రోజూ చేసే పనే. అందుకే చెప్పాలని తోచలేదు.

ఏ గ్లాసు?

వెనక సోల, తవ్వ, మానిక ఉండేవి. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. ఇప్పుడు అందరూ గ్లాసు అంటారు. టీ గ్లాసు వేరు, నీళ్ళ గ్లాసు వేరు. అందుకని గ్లాసు అని రాసినప్పుడు ఏ గ్లాసో కూడా రాయాలి. ఒక వంటకు మొదటినుంచి చివరిదాకా ఒకే గ్లాసుతో కొలవాలి.

కౌజు పిట్టల కూర

కొన్ని ఇళ్ళలో పిట్ట కూర అంటే ప్రాణం. వెనకటి రోజుల్లో మగవాళ్ళు చేలల్లో వల వేసి కౌజు పిట్టలు పట్టి తెచ్చేవారు. అత్తలు చెప్పే పిట్ట కూర కథ అక్కడినుంచే మొదలవుతుంది. ఆ మొదటి మాట మాత్రం ఇప్పుడు మార్చి రాయాలి. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. అడవి పిట్టలను పట్టడం, చంపడం నేరం. జైలు శిక్ష కూడా పడుతుంది. సంతలో ఎవరో వల పిట్టలు తెచ్చి చౌకగా ఇస్తామన్నా కొనకూడదు.

కూర మానుకోనక్కరలేదు. కోళ్ళలాగానే పెంచే జపాన్ జాతి కౌజులు ఉన్నాయి. 5, 6 వారాలకే ఇవి కూరకు పనికి వస్తాయి. ఒక్కోటి దాదాపు 200 గ్రాములు తూగుతుంది. పెంపకం చేసేవారి దగ్గర కొని చీటీ తీసుకుంటే మంచిది.

శుభ్రం చేసిన పిట్టలు 4. వాటికి పసుపు, చెంచాడు ఉప్పు, రెండు చెంచాల కారం, చెంచాడు అల్లం వెల్లుల్లి ముద్ద, రెండు చెంచాల పెరుగు పట్టించి అరగంట ఉంచాలి. నూనెలో రెండు ఉల్లిపాయలు ఎర్రగా వేయించి పిట్టలు వేయాలి. మూత పెట్టి సన్న సెగ మీద ఉడికించాలి. నాటుకోడి అనుకుని గంటసేపు ఉంచితే మాంసం పీచు పీచుగా ఎండిపోతుంది. 20, 25 నిమిషాలు చాలు. దించే ముందు మిరియాల పొడి, ధనియాల పొడి చల్లాలి. ఎముకలు సన్నవి. పిల్లలకు పెట్టేటప్పుడు ఏరి పెట్టాలి.

ఇసుక మీద కేకు

కేకు అంటే బేకరీలోదే అనుకుంటారు. క్రిస్మస్‌కు ఇంట్లోనే కేకు చేసుకునే వాళ్ళు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. కరెంటు పొయ్యి అక్కరలేదు. మందపాటి డేగిశా, రెండు వేళ్ళ మందం పొడి ఇసుక ఉంటే చాలు.

మైదా ఒక గ్లాసు. చక్కెర పొడి ముప్పావు గ్లాసు. వెన్న లేదా నూనె అర గ్లాసు. గుడ్లు రెండు. పాలు పావు గ్లాసు. బేకింగ్ పౌడరు ఒక చిన్న చెంచా. వెన్న, చక్కెర బాగా గిలకొట్టి, గుడ్లు ఒక్కొక్కటే కలపాలి. మైదాలో పౌడరు కలిపి జల్లించి వేయాలి. పాలు పోసి మెల్లగా కలపాలి. నెయ్యి రాసి మైదా చల్లిన గిన్నెలో సగం దాకా పోయాలి.

ఇసుకను మూత పెట్టి పది నిమిషాలు వేడి చేయాలి. దాని మీద గిన్నె పెట్టి మళ్ళీ మూత వేయాలి. సన్న సెగ మీద 40 నిమిషాలు. కట్టెల పొయ్యి అయితే మంట లాగేసి నిప్పుల మీద ఉంచాలి. మాటిమాటికి మూత తీస్తే కేకు కుంగిపోతుంది. చివర్లో సన్న పుల్ల గుచ్చి చూడాలి. పిండి అంటకపోతే ఉడికినట్టే.

బేకింగ్ పౌడరు, వంట సోడా రెండూ తెల్లగా ఉంటాయి. రెండూ ఒకటి కాదు. పౌడరు బదులు అంతే సోడా వేస్తే కేకు సబ్బు రుచి వస్తుంది. చదువు రాని రోజుల్లో డబ్బా రంగు చూసి వేసేవాళ్ళు. ఇప్పుడు పేరు చదివి వేయవచ్చు. తేదీ కూడా చూడాలి. పాత పౌడరుకు కేకు పొంగదు. అనుమానం ఉంటే చెంచాడు పౌడరు మీద వేడి నీళ్ళు పోసి చూడండి. బుసబుస పొంగితే మంచిదే.

చేయండి

1. మీ ఇంట్లో అందరూ మెచ్చే వంట ఒకటి రాయండి. ‘తగినంత’ అనే మాట ఒక్కసారి కూడా వాడకండి.

2. కింద మీ పేరు రాయండి. ఆ వంట మీకు నేర్పినామె పేరు కూడా రాయండి.

3. ఆ కాగితం మీ పక్కింటామెకు ఇవ్వండి. ఆమె చదువుతూ వండాలి. మీరు పక్కనే కూర్చోండి, నోరు మాత్రం విప్పకండి. ఆమె ఎక్కడ ఆగిపోయిందో అక్కడ ఇంకో మాట రాయండి.

4. లెక్క చేయండి: కోడిగుడ్డు 50 గ్రాములు. కౌజు గుడ్డు 10 గ్రాములు. రెండు కోడిగుడ్ల బదులు ఎన్ని కౌజు గుడ్లు వేయాలి?