కంపెనీ పనికి సొంత కారు: వేరే బీమా కావాలా?

ప్రశ్న: మాది నిమ్మనపల్లె. టమాటా విత్తనాల కంపెనీ ప్రతినిధిగా పుంగనూరు, కుప్పం దాకా సొంత కారులోనే తిరుగుతాను. బిజినెస్ ఇన్సూరెన్స్ విడిగా కట్టాలా?

జవాబు: అక్కర్లేదండీ. మన ప్రైవేటు కారు పాలసీ ఉద్యోగ పని మీద తిరగడాన్ని కాదనదు. కంపెనీ ఇచ్చే పెట్రోలు ఖర్చు కిరాయి కిందికి రాదు. శాంపిల్ ప్యాకెట్లు, మీ సామాను వేసుకెళ్లొచ్చు. అమ్మకానికి విత్తనాల బస్తాలో, మదనపల్లె మార్కెట్‌కు టమాటా క్రేట్లో ఎక్కిస్తే మాత్రం అది సరుకు రవాణా, పాలసీ వర్తించదు.

నా అసలు భయం కిరాయి గురించి. తెల్ల నంబరు ప్లేటు కారులో డబ్బు తీసుకుని బెంగళూరు ఎయిర్‌పోర్టుకు మనుషుల్ని చేర్చడం మన వైపు మామూలైపోయింది. దయచేసి ఆ పని చేయకండి. పర్మిట్ లేకుండా తిప్పితే 2019 సవరణ ప్రకారం 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు. ప్రమాదం జరిగితే గాయపడినవారికి బీమా కంపెనీ పరిహారం కట్టి, ఆ సొమ్ము మీ దగ్గర వసూలు చేసుకునేలా తీర్పు రావచ్చు. ఇలాంటి వాడకం ఉన్నా సొంత కారుకు జరిగిన నష్టం క్లెయిమ్‌ను పూర్తిగా కొట్టేయకూడదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ కాస్త సొమ్ముకూ కోర్టు మెట్లు ఎక్కాల్సిందే.

పాలసీలో 'వాడకంపై పరిమితులు' అన్న భాగం చదవండి. అనుమానముంటే బీమా కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఏజెంటు నోటిమాట క్లెయిమ్ రోజున చెల్లదు.